వానప్ప కోసం ఏడ్చిన ఏడుపు

పోయిన నెల అనంతపురంలో నాటకాలవాళ్ళు కొందరు కలిసి నాకు సన్మానం చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు, నా గురించి నాకే తెలియని గొప్పలు నాలుగు చెప్పారు. ఈ వయసులో దండ అంటే నాకు కాస్త భయం. చనిపోయిన అత్తగారి ఫొటో, చనిపోయిన నాయనమ్మ ఫొటో, ఇలా గోడమీద నుంచి నవ్వుతూ ఉండటమే ఈ మధ్య సీరియళ్ళలో నాకు ఎక్కువగా దొరుకుతున్న వేషం. అందుకని దండ మెడలో పడగానే ఊపిరి ఆడుతోందో లేదో చూసుకున్నానని మైకులో చెప్పాను. జనం నవ్వారు. అంతవరకూ అంతా బాగానే ఉంది. ఆ తర్వాత దీపాలు ఆర్పి, వెనక తెరమీద నా పాత సినిమా ముక్కలు వేయడం మొదలుపెట్టారు.

చివరి ముక్క ఏదో నాకు ముందే తెలుసు. నన్ను ఎవరైనా గుర్తుపట్టారంటే ఆ సీనుతోనే గుర్తుపడతారు. కొడుకు శవం పక్కన కూర్చుని తల్లి ఏడ్చే సీను. నేను తెరవైపు తిరగలేదు. ముందు వరసలో కూర్చున్న మా పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కొడుకు రామాంజి ఆమెను కళ్యాణదుర్గం అవతలి మా పల్లెనుంచి కారులో తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. తొంభై దాటిన మనిషి. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండో చెవి దగ్గర నోరుపెట్టి చెబితే వినిపిస్తుంది. తెరమీద నేను నేలను కొట్టుకుంటూ ఏడుస్తున్నాను, జనం చప్పట్లు కొడుతున్నారు, పెద్దమ్మ మాత్రం తెరను వదిలేసి నన్నే చూస్తోంది. నేను తల దించుకున్నాను. ఆ ఏడుపు నాది కాదు, ఆమెది. ఆ సంగతి ఆ హాలులో మా ఇద్దరికీ, రామాంజికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

నన్ను కన్న కొన్నాళ్ళకే మా అమ్మ పోయింది. మా నాయన నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. ఏడాదిలో సగం రోజులు ఏ ఊళ్ళో ఉండేవాడో ఆయనకే తెలిసేది కాదు. అందుకని నన్ను మా అమ్మకు అక్క అయిన తిప్పమ్మ ఒళ్ళో పెట్టి హార్మోనియం పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అలా నేను పెద్దమ్మ ఇంట్లో పెరిగాను. అది మట్టిమిద్దె. లోపల ఎప్పుడూ చెనక్కాయల వాసన, వేరుశనగను మా వైపు అలాగే అంటాం. పీకిన కొత్తలో మట్టి వాసన, ఎండాక దుమ్ము వాసన, గానుగనుంచి నూనె వచ్చాక ఇంకో వాసన. కళ్ళు మూసుకుని ఆ ఇంట్లో నిలబెడితే ఏ నెలో చెప్పేదాన్ని. పెద్దమ్మ పొద్దున్నే లేచి, మొహం కూడా కడక్కుండా వాకిట్లోకి వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మబ్బును వెదికేది. కనపడితే ఊరుకునేది కాదు. "ఏమప్పా, ఈ పక్కకు రాకుండ ఆ పక్కకు పోతాండావే, ఆడ నీకు ఎవురున్నారు?" అని వరసైన మరిదిని నిలదీసినట్టు నిలదీసేది. మబ్బు దాని దారిన అది పోయేది. ఆమె చీపురు తీసుకుని వాకిలి ఊడ్చేది.

విత్తనాలు ఒలిచే రోజుల్లో ఇంటినిండా ఆడవాళ్ళే. కాయమీద కాసిన్ని నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక వేళ్ళతో చిట్లించి, గింజకు దెబ్బ తగలకుండా ఒలవాలి. పిల్లలం మేమూ కూర్చునేవాళ్ళం. ఒలిచినవాటిలో ఒక్క గింజ నోట్లో వేసుకోకూడదు, అవి విత్తనాలు. మేము వేసుకునేవాళ్ళం. పెద్దమ్మ మధ్యలో వచ్చి ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని "నోరు తెరువు" అనేది. వంగి వాసన చూసేది. పచ్చి చెనక్కాయ వాసన దాచిపెట్టడం ఎవరి తరమూ కాదు. నేను దొరికిపోయిన మరుక్షణం బోరుమని ఏడుపు ఎత్తుకునేదాన్ని. ఆమె కాసేపు విని, "ఈ ఏడుపులో ఉప్పు లేదు, పోయి ఇంగోరి దగ్గర ఏడ్చుపో" అని వీపుమీద ఒకటి వేసేది. నటన గురించి నేను విన్న మొదటి విమర్శ అదే. తర్వాత పత్రికలవాళ్ళు చాలా రాశారు కానీ అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఉప్పు ఉన్న ఏడుపు ఎలా ఉంటుందో ఆమె దగ్గరే చూశాను. విత్తనం వేశాక వాన మొహం చాటేస్తే మా ఊళ్ళో ఆడవాళ్ళు వానప్పను చేసేవాళ్ళు. ఎండిపోయిన వంకలోంచి మట్టి తెచ్చి, చంటిబిడ్డంత బొమ్మ చేసి, చేటలో వేపాకు పరిచి పడుకోబెట్టి, ఇంటింటికీ తిప్పేవాళ్ళు. ప్రతి ఇంట్లో గింజలు పోస్తారు, నీళ్ళు మాత్రం ఒక్క చుక్క పోయరు. ఎండకు ఆ మట్టి పగుళ్ళిచ్చేది. అప్పుడు వానప్ప దప్పికతో చచ్చిపోయాడని చెప్పి, వంకకు మోసుకుపోయి, ఇసుకలో పడుకోబెట్టి, చుట్టూ కూర్చుని ఏడ్చేవాళ్ళు. మగవాళ్ళు ఆ ఛాయలకు రాకూడదు. ఏడుపు ఎత్తుకునేది ఎప్పుడూ మా పెద్దమ్మే. ముందు ఏమీ అనేది కాదు. అరచేత్తో ఇసుకను మెల్లగా తట్టేది, బిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు. తట్టి తట్టి, ఆ చెయ్యి ఎక్కడో ఆగిపోయేది. ఆగిన చోట గొంతు లేచేది. "యాడికి పోతివప్పా నా చిన్నప్పా, మబ్బు దుప్పటి కప్పుకోని యాడ పండుకుంటివప్పా" అని ఏడ్చేది. అది మట్టి అని నాకు తెలుసు. దాని ముక్కు నేనే నొక్కి పెట్టాను. అయినా ఏడుపు వచ్చేది. కాసేపయ్యాక పెళ్ళికాని పిల్లలందరినీ ఇళ్ళకు తరిమేవాళ్ళు, తిరిగి వచ్చే ఆడవాళ్ళ కాళ్ళకు గడపల దగ్గర నీళ్ళు తోడి పెట్టాలని. నేను బిందె పట్టుకుని గడపలో నిలబడి, వంకవైపు చూస్తూ, ఆ చెయ్యి ఆగడం, గొంతు లేవడం లోపల్లోపల చేసి చూసుకునేదాన్ని.

వయసు వచ్చాక మా నాయన నన్ను నాటకాల్లోకి తీసుకుపోయాడు. పెద్దమ్మకు ఇష్టం లేదు. "హార్మోనియం పెట్టె ఒకటి మోస్తాండావు, ఇంగ పిల్లను గూడా మోసుకోని తిరుగు" అని మా నాయన మీద అరిచింది, ఆ పైన నా మూటలో చెనక్కాయ ఉండలు కట్టింది. రాణి చెలికత్తెనుంచి రాక్షసుడి చెల్లెలు వరకు అన్నీ వేశాను. పద్యం అందుకోలేకపోతే మా నాయన హార్మోనియం పెంచి కప్పిపుచ్చేవాడు. ఆయన పోయాక మద్రాసు, ఆ తర్వాత హైదరాబాదు. సినిమాల్లో నేను కూరగాయలమ్మాను, పురుడు పోశాను, కోడళ్ళను గదుల్లో పెట్టి తాళం వేశాను, హీరోకు మొదటి రీలులో అన్నం పెట్టి రెండో రీలులో చచ్చిపోయాను. హీరోయిన్లకు గొంతు అరువిచ్చాను. నలుగురిలో ఒకరిగా నిలబడటం నాకు చిన్నతనంగా ఎప్పుడూ అనిపించలేదు. ముద్ద దొరికేది, పని దొరికేది.

అలా ఉండగా ఆ సీను వచ్చింది. షూటింగు కోస్తాలో, నిండుగా పారే ఒక కాలువ గట్టున. తల్లి వేషానికి అనుకున్న ఆమెకు జ్వరం వస్తే, ఉన్నవాళ్ళలో వయసు సరిపోతుందని నన్ను కూర్చోబెట్టారు. నేను గ్లిజరిన్ పెట్టుకుని నాకు తెలిసిన ఏడుపు ఏడ్చాను. డైరెక్టరు చెయ్యెత్తి ఆపి, "అమ్మా, ఇలా ఏడవడానికి మా దగ్గర చాలామంది ఉన్నారు" అన్నాడు. నాకు పెద్దమ్మ మాట గుర్తొచ్చింది, ఉప్పు లేదని. ఒక్క నిమిషం టైం అడిగి, శవంగా పడుకున్న కుర్రాడి పక్కన కూర్చుని, అరచేత్తో గట్టుమీద మట్టిని తట్టడం మొదలుపెట్టాను. చెయ్యి ఆగింది. గొంతు లేచింది. మాటలతో సహా అంతా వచ్చేసింది, చిన్నప్పా అనే పిలుపుతో సహా. కట్ చెప్పడం కూడా మరిచిపోయారు. ఆ రోజునుంచి నాకు పని వెదుక్కునే అవసరం పడలేదు.

సినిమా మా వైపు వచ్చేసరికి మా ఊళ్ళో పైరు ఎండుతోంది. అదే సమయంలో కోస్తాలో తుఫాను పట్టి ఊళ్ళు మునిగాయి. ఊళ్ళో ఆడవాళ్ళు సినిమా చూసి వచ్చి లెక్క తేల్చేశారు. ఏడ్చిన చోటికి వాన పోయింది. "తిప్పక్కా, మన వానను నీ కూతురు కోస్తావోళ్ళకు ఇచ్చేసె గదా" అన్నారట. మొదట వేళాకోళమే. ఆ తర్వాత వేళాకోళం కాలేదు. మరుసటిసారి వానప్పను చేసినప్పుడు ఏడుపు ఎత్తుకోమని పక్కింటి గంగమ్మను పిలిచారు. పెద్దమ్మను పిలవలేదు.

నాకు ఇదేమీ తెలియదు. ఆ ఏడాదే ఒక పట్టుచీర, మిఠాయి డబ్బా తీసుకుని గొప్పగా ఊరికి వెళ్ళాను. ఊరి ఆడవాళ్ళంతా వంకకు పోయారు. పెద్దమ్మ గడపలో కూర్చుని, పరికిణీలు కట్టుకున్న పిల్లల మధ్య, వాళ్ళతోపాటు బిందెల్లో నీళ్ళు తోడుతోంది. "ఏం పెద్దమ్మా, వెళ్ళలేదా?" అన్నాను. "మోకాళ్ళు నొస్తాండాయి పాపా, యాడ నడిచేది" అంది. నేను నమ్మాను. మంచి నూనె పంపిస్తానన్నాను. హైదరాబాదు నుంచి పంపాను కూడా. కొన్నేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో రామాంజి మాటల మధ్య నిజం చెప్పాడు. "నిన్ను అనల్లని కాదక్కా. ఊరోళ్ళు అంతే గదా" అని కూడా అన్నాడు. నా చేతిలో విస్తరి ఉంది. తింటున్నది ఏమిటో గుర్తులేదు.

ఏడిస్తే వాన రాదని నాకు తెలుసు. అల్పపీడనాల గురించి వార్తల్లో చెబుతారు, చదువుకోనిదాన్నేమీ కాను. నేను మట్టిని తట్టినందుకు మబ్బు దారి మార్చుకోదు. కానీ ఆ పని పెద్దమ్మది. ఊళ్ళో ఆమెకు పొలం తక్కువ, మాట చెల్లేది తక్కువ. వాన లేని ఏడాది మాత్రం ఊరంతా ఆమె వెనక నడిచేది. దాన్ని నేను తీసుకుపోయి కాలువ గట్టున పెట్టాను. ఇక అప్పటినుంచీ ఎవరు చచ్చినా నేను ఆ ఏడుపే ఏడ్చాను. ఒక హాస్య సినిమాలో గేదె చచ్చిందని కూడా ఏడ్చాను, హాలంతా పగలబడి నవ్వింది. మీ గురువు ఎవరని అడిగిన ప్రతిసారీ మా నాయన పేరు చెప్పాను. వానలు పడాల్సిన నెలల్లో ఊరికి వెళ్ళడం మానేసి, చలికాలంలో వెళ్ళి చీర ఇచ్చి వచ్చేదాన్ని. మొన్న సన్మానంలో కూడా మైకు ముందు అందరికీ దండం పెట్టాను, మేకప్ వేసినవాళ్ళకు కూడా. ఎదురుగా కూర్చున్న ఆమె పేరు మాత్రం నోటికి రాలేదు.

సన్మానం అయ్యాక పెద్దమ్మ, రామాంజిలతోనే ఊరికి వెళ్ళాను. వానలు పడాల్సిన రోజులు, పడలేదు. మట్టిమిద్దె లేదు, రామాంజి స్లాబు ఇల్లు కట్టాడు. పొలాల్లో బోర్లు, వాటిలో కొన్నింటిలోనే నీళ్ళు. వానప్పను చేసి చాలా కాలమైంది. గంగమ్మ పోయింది. బిందెలు పట్టుకోవాల్సిన ఆడపిల్లలు పొద్దున్నే ఆటోల్లో రాయదుర్గం దాకా జీన్సు ప్యాంట్లు కుట్టడానికి పోతున్నారు. వాన వస్తుందో రాదో ఫోనులో చూసుకుని పోతున్నారు. మంచిదే. మట్టిబొమ్మ ముందు గుండెలు బాదుకోవడం కంటే అది మేలని ఎవరైనా అంటే నేను కాదనలేను. అయినా ఊళ్ళోకి కారు తిరగగానే నా కళ్ళు గడపల దగ్గర నీళ్ళబిందెలకోసం వెదికాయి.

మరునాడు పొద్దున రామాంజి భార్య మాకు బొరుగులతో ఉగ్గాని చేసిపెట్టి పొలానికి పోయింది. పెద్దమ్మ వరండాలో చేట ముందు పెట్టుకుని విత్తనాలు ఒలుస్తోంది. కళ్ళు సరిగా కనపడవు, వేళ్ళకు మాత్రం అంతా తెలుసు. నేనూ పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. ఎంతసేపటికో ధైర్యం చేసి ఆమె వినపడే చెవి దగ్గర నోరుపెట్టి, "రాత్రి తెరమీద చూశావా పెద్దమ్మా?" అన్నాను.

"చూసేదేముండాది. అది కళ్యాణదుర్గంలో ఆడినప్పుడే చూసినా. గంగమ్మ, నేను కలిసే పోయింటిమి. అదైతే చీరకొంగు తడిసిపోయేటట్ల ఏడ్చె."

"నువ్వు?"

"నేను ఏడవల్యా."

"ఉప్పు లేదా?"

ఆమె నవ్వింది. పళ్ళు లేవు, నవ్వు మాత్రం అలాగే ఉంది. "ఉప్పుకేమి, బాగుండాది. ఏడుపే సగం ఉండాది."

నాకు అర్థం కాలేదు. మాటలతో సహా అంతా చేశానే అన్నాను.

"నీళ్ళు తోడనీకి మిమ్మల్ని తరిమేస్తాము గదా. అప్పుడు ఆడోళ్ళంతా లేచి ఎనక్కి తిరిగి నడుస్తారు. ఏడుపు ఎత్తుకున్న మనిషి ఒక్కతే ఆడుంటాది. అప్పుడు బొమ్మ చెవిలో ఒక మాట చెప్పల్ల. మా అవ్వ నాకు చెప్పిపోయింది. మనమే చేస్తిమి ఆయప్పను, ఈదీదీ తిప్పితిమి, చుక్క నీళ్ళు ఇయ్యకుండ చంపితిమి. చంపినోళ్ళు గట్టిగా ఏడిస్తే సరిపోతాదా? అందుకని చెవిలో చెప్పల్ల. మాదే తప్పు అప్పా, మనసులో పెట్టుకోవద్దు, ఇంటికి రా అని. గట్టిగా ఏడ్చేదంతా ఊరికి. ఈ మాట ఒక్కటే ఆయప్పకు."

"అయితే గంగమ్మకు..."

"అదెట్ల తెలుస్తాది? అది ఏడ్చి వచ్చేసేది. పొద్దున్నే నేను పోయి చెప్పొస్తాంటి."

మోకాళ్ళ నొప్పికని నేను పంపిన నూనె గుర్తొచ్చింది. ఊరంతా గంగమ్మ ఏడుపుకు వాన వచ్చిందని మెచ్చుకున్న ఏళ్ళలో, తెల్లవారి ఒక్కతే ఆ ఇసుకలో నడిచిపోయి, పగిలిన బొమ్మ పక్కన వంగిన మనిషి గుర్తొచ్చింది, నేను ఎప్పుడూ చూడకపోయినా. నాకు కోపం కూడా వచ్చింది. "ఈ మాట ఊళ్ళో ఎందుకు చెప్పలేదు? నేను ఏడ్చింది సగమేనని ఒక్క మాట అంటే నిన్ను గడపలో కూర్చోబెట్టేవాళ్ళా?" అని చెవిలో అరిచినంత పని చేశాను.

ఆమె చేతిలో కాయ చిట్లించి, గింజలు చేటలో వేసి, పొట్టు పక్కన పారేసింది. "ఊరంతా నిన్ను మెచ్చుకుంటాండారు. నా బిడ్డకు సగమే వచ్చునని నేనే పోయి చాటల్లనా?" అంది.

ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఒలుస్తూ కూర్చున్నాం. నా చేతులు ఊరుకోలేదు, నోరూ ఊరుకోలేదు. ఇన్నేళ్ళూ నేను ఆమెకు ఏమేమి తెచ్చానో అన్నీ గుర్తొచ్చాయి, చీరలు, స్వెట్టరు, కళ్ళజోడు, వేడినీళ్ళ సంచి. తేవాల్సింది ఒక్క మాట. అది మాత్రం ఏ చలికాలమూ తేలేదు. చివరికి జరిగి, ఆమె భుజంమీద చెయ్యివేసి, వినపడే చెవి దగ్గర నోరు పెట్టాను. "నాదే తప్పు పెద్దమ్మా. మనసులో పెట్టుకోవద్దు" అన్నాను.

ఆమె నన్ను మోచేత్తో నెట్టేసింది. "థూ, జరుగు! బొమ్మకు చెప్పే మాట నాకు చెప్తావేమే? నేనింకా చావల్యా."

నేను జరగలేదు. ఆమె ముక్కు ఎగబీల్చింది. మొహం నావైపు తిప్పి, మసకబారిన కళ్ళు చికిలించి, తడుముకుంటూ నా గడ్డం పట్టుకుంది.

"నోరు తెరువు" అంది.

డెబ్బై ఏళ్ళ మనిషిని, మెడమీద నిన్నటి దండ రాసుకున్న ఎర్రటి గీత ఇంకా పోలేదు. నోరు తెరిచాను. ఆమె వంగి వాసన చూసి, "విత్తనాలు తింటాండావు గదే దొంగముండా" అని వీపుమీద ఒకటి వేసింది. నేను ఏడ్చాను. ఆమె కాసేపు విని, ఈసారి ఏమీ అనలేదు.